షోరూమ్ సర్వీసా, ఆటోనగర్ మేస్త్రీయా?

మీరు అడిగింది ఇదీ: విజయవాడ పటమటలో ఉంటారు, మూడేళ్లు నిండబోతున్న చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. 30,000 కిలోమీటర్ల సర్వీసుకు షోరూమ్‌లో 13,300 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. ఆఫీసులో ఒకాయన చెప్పిన ఆటోనగర్ గ్యారేజీలో 4,800 అవుతుందన్నారు. వారంటీ ఇంకా మూడు నెలలుంది. ఎక్కడ చేయించాలి? రెండో ప్రశ్న, గుంటూరులో నాన్నగారి 2015 డీజిల్ కారు. దాన్ని ఆయన ఇప్పటికీ షోరూమ్‌కే పంపుతున్నారు, అవసరమా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ కారుకి ఈ సర్వీసు షోరూమ్‌లోనే చేయించండి, కానీ 13,300 కట్టొద్దు. నాన్నగారి కారుని మాత్రం ఎప్పుడో బయటికి తేవాల్సింది. నేను కొన్నేళ్లు షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా చేసి, తర్వాత ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారంలోకి వచ్చాను. కాబట్టి రెండు వైపులా జరిగేవి దగ్గర నుంచి చూశాను. ఏ ఒక్క వైపూ వకాల్తా పుచ్చుకోను.

మీరు పెట్టిన ఎస్టిమేట్ కాగితాన్నే చూద్దాం, అసలు విషయమంతా అందులోనే ఉంది. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 2,350. ఎయిర్ ఫిల్టర్ 450. ఏసీ ఫిల్టర్ 550. లేబర్ 2,200. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,000. ఇక్కడికి 6,550 అయింది. దీని కింద ఉన్నవి: ఇంజిన్ ఫ్లష్ (పాత ఆయిల్ తీసేముందు ఇంజిన్ లోపల కడగడం) 650, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) క్లీనింగ్ 1,100, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ 1,250, అండర్‌బాడీ కోటింగ్ 1,800, ఇంటీరియర్ క్లీనింగ్, పాలిష్ 1,950. ఈ అయిదూ కలిపితే 6,750. అంటే మీ బిల్లులో సగానికి పైన కారు అడగనివి, షోరూమ్ అడుగుతున్నవి.

ఈ కింద వరసని షోరూమ్ భాషలో వాస్ అంటారు, వాల్యూ యాడెడ్ సర్వీసెస్. సర్వీస్ అడ్వైజర్‌కి నెలకి ఇంత వాస్ అమ్మాలని టార్గెట్ ఉంటుంది, దాని మీద ఇన్సెంటివ్ ఉంటుంది. నేనూ అమ్మాను. ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకండి, అతని జీతం అలా కట్టారు. "ఇవి వద్దు, షెడ్యూల్‌లో ఉన్నవే చేయండి" అని, బండికి చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టేముందు మామూలుగా చెప్పండి. మొహమాటం అక్కర్లేదు, ఆ మాట వాళ్లు రోజూ వింటూనే ఉంటారు. "వారంటీకి ఇబ్బంది అవుతుంది సార్" అంటే, ఏ పేజీలో ఉందో చూపించమనండి. చూపించలేరు.

షెడ్యూల్ అంటే మీ కారుతో వచ్చిన ఓనర్ మాన్యువల్ చివర్లో ఉండే పట్టిక. చాలామంది ఆ పుస్తకాన్ని డాష్‌బోర్డ్ అరలోంచి బయటికే తీయరు. ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్ని నెలలకి ఏది చూడాలి, ఏది మార్చాలి అని అందులో గడులు గడులుగా ఉంటుంది. చాలా కంపెనీల పట్టికల్లో 'ఐ' అని ఉంటే చూడటం, 'ఆర్' అని ఉంటే మార్చడం. దుమ్ము రోడ్ల మీద, ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగే బండ్లకి విడిగా ఇంకో పట్టిక ఉంటుంది. బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా రోజూ వెళ్లొచ్చే బండికి ఆ రెండో పట్టికే వర్తిస్తుందని నా లెక్క. మీరు షోరూమ్‌కి వెళ్లినా, గ్యారేజీకి వెళ్లినా ఆ పేజీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. ఇంజిన్ ఫ్లష్ ఆ పట్టికలో ఉండదు. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే తీరు) తేడాగా ఉంటే చేయిస్తారు, బాగా నడుస్తున్న ఇంజిన్‌కి 30,000 దగ్గర ఆ పని లేదు. అండర్‌బాడీ కోటింగ్ మాత్రం మచిలీపట్నం, చీరాల లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బండి ఉంటే ఒకసారి ఆలోచించొచ్చు. పటమటలో ఉండే బండికి ఎందుకు?

ఇప్పుడు రెండు ధరల్ని పక్కపక్కన పెట్టండి. ఆటోనగర్ వాళ్లు చెప్పిన 4,800లో ఆయిల్, మూడు ఫిల్టర్లు, లేబర్, అలైన్‌మెంట్ ఉన్నాయని రాశారు. షోరూమ్‌లో అవే పనులకి 6,550. అంటే అసలు తేడా 1,750 రూపాయలు. ఎనిమిది వేల పైచిలుకు తేడా అని మీకు అనిపించింది కదా, అది వేర్వేరు పనుల్ని పోల్చడం వల్ల వచ్చిన లెక్క. ఇంకో మూడు నెలల వారంటీ చేతిలో పెట్టుకుని 1,750 కోసం బయటికి వెళ్లడం తెలివైన పని కాదు.

"బయట చేయిస్తే వారంటీ పోతుందా?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. దీని వెనక పెద్ద కథే ఉంది. విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి గ్యారేజీలకి అందకుండా కార్ల కంపెనీలు కట్టడి చేస్తున్నాయని 2011లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ముందు కేసు పడింది. 2014 ఆగస్టులో కమిషన్ 14 కంపెనీలకి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరికేలా చూడాలనీ, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లాడన్న ఒక్క కారణంతో వారంటీని మొత్తం రద్దు చేయడం కుదరదనీ చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. చట్టం ఎటు మొగ్గినా, మీ వారంటీ పుస్తకంలో మాత్రం సర్వీసులు అధీకృత వర్క్‌షాప్‌లో సమయానికి చేయించాలనే షరతు అచ్చయి ఉంటుంది. రేపు స్టీరింగ్ మోటారు పోయి, "మీరు ఆఖరి సర్వీసు బయట చేయించారు" అని క్లెయిమ్ ఆపితే, ఆయిల్ మార్పుకీ స్టీరింగ్ మోటారుకీ సంబంధం లేదని వాదించుకోవాల్సింది మీరే. నెగ్గొచ్చు. 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కానీ ఈలోగా కారు ఎక్కడుంటుంది, మీరు ఆఫీసుకి దేంట్లో వెళ్తారు?

మీరు ఎస్టిమేట్ గురించి ఇంత ఆలోచించారు గానీ, నిజంగా డబ్బు మిగిల్చే పని ఇంకొకటి ఉంది. మూడు నెలల్లో వారంటీ అయిపోతుంది కాబట్టి, ఈ సర్వీసుకి ఇచ్చేముందు ఒక ఆదివారం కారుని శ్రద్ధగా గమనించండి. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఏదైనా శబ్దం వస్తోందా, స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాల దగ్గర టకటకమంటోందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కటకటమంటోందా, ఏసీ మధ్యాహ్నం పూట చల్లబడటానికి ఎక్కువసేపు పడుతోందా, కిటికీ అద్దాలు సాఫీగా దిగుతున్నాయా, రాత్రి నిలిపిన చోట నేల మీద చుక్క పడుతోందా. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి, జాబ్ కార్డ్‌లో ఒక్కొక్కటిగా ఎక్కించమనండి. నోటిమాటగా చెప్పి రావద్దు. వారంటీలో ఉండగా జాబ్ కార్డ్‌లో నమోదైన ఫిర్యాదు మీద, తర్వాత పార్టు ఆలస్యంగా వచ్చినా మీరు గట్టిగా నిలబడి అడగొచ్చు. "మామూలే సార్, అన్ని బండ్లకీ అలాగే ఉంటుంది" అంటే, అదే మాట జాబ్ కార్డ్ మీద రాయించండి. రాయమనేసరికి చాలామంది ఇంకోసారి లిఫ్ట్ మీదికి ఎక్కించి చూస్తారు.

వీలైతే వారం మధ్యలో పొద్దున్నే ఇవ్వండి. శనివారాలు, నెలాఖర్లు వర్క్‌షాప్ కిటకిటలాడుతుంది, ఒక్కో మెకానిక్‌కి బండ్ల లెక్క ఉంటుంది. ఆ రద్దీలో పట్టికలో 'ఐ' అని ఉన్నవన్నీ నిజంగా చూశారో, టిక్కులు మాత్రం పెట్టారో చెప్పలేం. బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయని అడగండి. మిల్లీమీటర్లలో చెప్పగలిగితే చక్రం విప్పినట్టే. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చాలి, 6 ఉంటే నిశ్చింతగా తిరగొచ్చు. 6 ఉన్నప్పుడు "ఇప్పుడే మార్చేద్దాం" అంటే వద్దనండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి మీరు అడగలేదు గానీ, ఈసారి కౌంటర్ దగ్గర వాళ్లే అడుగుతారు. ఇదివరకటి రెండేళ్ల బదులు ఇప్పుడు చాలా కంపెనీలు మూడేళ్ల వారంటీ ఇస్తున్నాయి. మారుతి కూడా 2024 జులైలో మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకి మారింది. పొడిగింపు సాధారణంగా అసలు వారంటీ అయిపోకముందే కొనాలి. కొన్న తర్వాత సర్వీసులన్నీ షోరూమ్‌లోనే చేయించాలి. కాబట్టి దాని ధర చూసి ఊరుకోకుండా, రాబోయే రెండేళ్లలో షోరూమ్ సర్వీసులకి అదనంగా అయ్యేదీ కలిపి లెక్కేసుకోండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, వైపర్లు లాంటి అరిగేవి అందులోకి రావు. టర్బో ఇంజిన్, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, సన్‌రూఫ్, పెద్ద తెర, కెమెరాలు ఉన్న బండైతే నేను కళ్లు మూసుకుని తీసుకోమంటాను. ఒక్క గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోతే ఆ పొడిగింపుకి కట్టే డబ్బులకి ఎన్నో రెట్లు ఖర్చు. మీది టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. నేనైతే తీసుకోను. నిద్ర పట్టదనుకుంటే తీసుకోండి, తప్పేం లేదు.

వారంటీ అయ్యాక మాత్రం ఆటోనగర్‌కి రండి. అప్పటికి మనిషిని వెతికి పెట్టుకోవాలి, అసలు కష్టం అక్కడే. షోరూమ్‌లో మీరు కొనేది ఒక పద్ధతిని. మెకానిక్ మారినా జాబ్ కార్డ్, రికార్డు, పైన కంపెనీ ఉంటాయి. బయట గ్యారేజీలో మీరు నమ్మేది ఒక మనిషిని. ఆ మనిషి మంచివాడైతే షోరూమ్‌లో దొరకనంత శ్రద్ధ దొరుకుతుంది. కాకపోతే అడగడానికి పైన ఎవరూ ఉండరు.

మన ఆటోనగర్ గొప్పతనం ఏమిటంటే, ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో చేయి ఉంది. రేడియేటర్లు తప్ప ఇంకేం ముట్టనివాళ్లు, ఏసీ మాత్రమే చేసేవాళ్లు, డీజిల్ పంపు, ఇంజెక్టర్ల వాళ్లు, లేత్ వాళ్లు, వైరింగ్ వాళ్లు, టింకరింగ్ వాళ్లు. లారీ బాడీలు కట్టడంలో దేశమంతా పేరున్న చోటు ఇది. చిక్కు కూడా అక్కడే ఉంది. లారీ ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పే మేస్త్రీకి మీ కారులో సెన్సార్లు, కంప్యూటరు కొత్త కావచ్చు. కాబట్టి "చాలా సీనియర్ అండీ" అనే మాట ఒక్కటే చూసుకుని వెళ్లొద్దు. మీ కంపెనీ బండ్లు నాలుగైదు ఆ గ్యారేజీ ముందు ఎప్పుడూ ఉంటున్నాయా చూడండి. షోరూమ్‌లో పనిచేసి బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మోడల్‌ని వందలసార్లు విప్పి బిగించిన చేతులవి. ఎనికేపాడు, ప్రసాదంపాడు, కానూరు వైపు కూడా అలాంటి చిన్న గ్యారేజీలు ఉన్నాయి. నన్నడిగితే మొదటి ఓటు వాళ్లకే.

మొదటిసారే క్లచ్ పనికి వెళ్లకండి. ఒక ఆయిల్ మార్పుకో, బ్రేకుల క్లీనింగ్‌కో వెళ్లి పక్కన నిలబడండి. మీరు నిలబడితే చిరాకుపడే చోటికి మళ్లీ వెళ్లొద్దు. ఏ ఆయిల్ పోస్తారని అడగండి. "మంచిది పోస్తాం సార్" అనేవాడికీ, "మీ ఇంజిన్‌కి 0డబ్ల్యూ-20, మూడుంపావు లీటర్లు పడుతుంది" అనేవాడికీ చాలా తేడా. ఇప్పటి పెట్రోల్ ఇంజిన్లకి పల్చటి గ్రేడ్లు రాస్తున్నారు. మన ఎండలకి చిక్కటిదే మంచిదని 20డబ్ల్యూ-50 పోసే పాత అలవాటు ఇంకా కొందరిలో ఉంది, అది మీ ఇంజిన్‌కి పనికిరాదు. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ ఉంటే అదే. డబ్బా సీలు మీ కళ్లముందే తీయించండి, ఖాళీ అయ్యాక డబ్బాకి చిల్లు పొడిపించండి. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లకి ముడిసరుకు మనం వదిలేసే డబ్బాలే. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేస్తున్నాడా, బోల్టుని టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నాడా లేక పైపు తగిలించి బలంకొద్దీ లాగుతున్నాడా చూడండి. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ మర పోతే ఆ సర్వీసులో మిగిల్చిన డబ్బంతా అక్కడే పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, జబ్బు ఎలా కనిపెడతాడనేది. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే స్కానర్ పెట్టి కోడ్ చదివి, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మార్చేద్దాం" అనేవాళ్లే ఎక్కువ. కోడ్ చెప్పేది ఏ దారిలో తేడా ఉందో మాత్రమే. వైరు తెగిందా, కనెక్టర్‌లో తుప్పు పట్టిందా, ఎక్కడైనా గాలి లీకవుతోందా అని మీటరు పెట్టి చూసేవాడు దొరికితే వదులుకోకండి. ఊహించి పార్టులు మార్చుకుంటూ పోయేవాడి దగ్గర లేబర్ చౌకగానే ఉంటుంది, పార్టుల బిల్లే ఖరీదు.

పార్టుల విషయం నా వ్యాపారం కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మార్కెట్లో ఒకే పార్టు నాలుగు రకాలుగా దొరుకుతుంది. కార్ల కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసే బాష్, వేలియో, డెన్సో, లూకాస్ టీవీఎస్ లాంటి వాళ్లు సొంత పెట్టెలో అమ్మేది రెండోది. ఇది చాలాసార్లు కాస్త తక్కువ ధరకి వస్తుంది, నాణ్యతకి లోటుండదు. ఇంకెవరో తయారుచేసి వాళ్ల పేరుతోనే అమ్మేది మూడోది, దీంట్లో మంచివీ ఉంటాయి, చెత్తా ఉంటుంది. కంపెనీ పేరు అచ్చేసిన నకిలీ నాలుగోది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ లాంటివి మొదటి రెండు రకాల్లోనే తీసుకోండి. పెట్టె మీద ఎమ్మార్పీ, పార్ట్ నంబర్, హోలోగ్రామ్ చూడండి. కంపెనీ పెట్టె మీద ఎమ్మార్పీకి సగం ధర చెప్పారంటే అది బేరం కాదు, నకిలీ. ఇంకో సంగతి, చాలా షోరూమ్‌లలో స్పేర్స్ కౌంటర్ విడిగా ఉంటుంది. బండి అక్కడ రిపేరుకి ఇవ్వకపోయినా పార్టు కొనుక్కోవచ్చు. అక్కడ కొని మీ మేస్త్రీకి ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పాత ఎమ్మార్పీతోనే లాగించేస్తున్నారేమో గమనించండి.

మేస్త్రీతో లేబర్ దగ్గర మరీ బేరమాడకండి. స్పేర్ షాపుల నుంచి మెకానిక్‌లకి కమీషన్ ఉంటుందన్నది ఆటోనగర్‌లో అందరికీ తెలిసిన రహస్యం. మీరు లేబర్‌లో మూడు వందలు తగ్గిస్తే, అతను పార్టుల్లో ఆరు వందలు రాబట్టుకుంటాడు. "లేబర్ మీరు చెప్పినంతే ఇస్తాను, పార్టులు నేను తెస్తాను, పాతవి నాకు చూపించండి" అని ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే సర్వీసు గ్యారేజీకి జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. అందుకని జీఎస్టీ బిల్లు లేదంటే దొంగ అనుకోనక్కర్లేదు. మామూలు బిల్లు పుస్తకంలోనైనా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్, మార్చిన పార్టులు రాయించి ఒక ఫైల్లో పెట్టండి. రేపు అమ్మేటప్పుడు షోరూమ్ రికార్డు లేని లోటుని ఆ ఫైలు చాలావరకు తీరుస్తుంది.

మన ఊళ్లో ఏసీ గురించి చెప్పకపోతే ఎలా. ఏప్రిల్ రాగానే "గ్యాస్ నింపించాలి" అని బయల్దేరతారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ లీకు పట్టకుండా ఏటా నింపేవాడు ఏటా మీ దగ్గర డబ్బు తీసుకుంటాడు, అంతే. ముందు ఏసీ ఫిల్టర్ తీసి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. తర్వాత కండెన్సర్ మీద దుమ్ము కడిగించి, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో చూడమనండి. కూలింగ్ కాయిల్ మార్చాలంటే డాష్‌బోర్డ్ విప్పాలి. దానికి షోరూమ్‌లో చెప్పే లెక్కకీ, ఆటోనగర్‌లో ఏసీ పనే చేసేవాళ్లు చెప్పే లెక్కకీ తేడా బాగా ఉంటుంది. ఆ పనికి నేను ఆటోనగర్‌కే పంపుతాను. కూలెంట్ విషయంలో ఎక్కడికి వెళ్లినా జాగ్రత్త. బోరు నీళ్లు పోయనివ్వొద్దు. మన నీళ్లలో ఉప్పు రేడియేటర్ లోపల పేరుకుంటుంది. వేర్వేరు రకాల కూలెంట్లు కలపనివ్వొద్దు.

వారంటీ అయిపోయినా షోరూమ్‌కే వెళ్లాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే, ఏబీఎస్ మాడ్యూల్ పోతే, కొత్త తాళం ప్రోగ్రామ్ చేయాలంటే, ఇంజిన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే, అద్దం వెనక కెమెరా ఉన్న కార్లకి ముందద్దం మార్చాక క్యాలిబ్రేషన్ చేయాలంటే అక్కడికే వెళ్లండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల పెద్ద బ్యాటరీ జోలికి అక్కడ శిక్షణ పొందినవాళ్లే వెళ్లాలి. సీవీటీ, డ్యూయల్ క్లచ్ లాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు కూడా అంతే. కంపెనీ రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి బండ్లని వెనక్కి పిలవడం) ప్రకటిస్తే, మీరు పదేళ్లుగా బయట సర్వీసు చేయించుకుంటున్నా ఆ పని షోరూమ్‌లో ఉచితంగా చేస్తారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి ఏడాదికోసారి చూసుకోండి.

డెంటింగ్, పెయింటింగ్ ఇన్సూరెన్స్ మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద దెబ్బైతే క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టే పద్ధతి) ఉన్న చోటికి, అంటే ఎక్కువగా షోరూమ్‌కే. చిన్న గీతలకీ సొట్టలకీ క్లెయిమ్ చేయకండి. క్లెయిమ్ లేని అయిదేళ్లకి నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, 20 నుంచి 50 శాతం దాకా ఎదుగుతుంది, ఒక బంపర్ గీత కోసం దాన్ని సున్నా చేసుకోవడం నష్టం. అలాంటివి ఆటోనగర్‌లో సొంత డబ్బుతో చేయించుకోండి, పెయింట్ బూత్ ఉన్న చోట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు మునిగినప్పుడు, నీళ్లు తీయగానే స్టార్ట్ చేసి చూసినవాళ్ల ఇంజిన్లు లోపల విరిగాయి. అలా స్టార్ట్ చేసి పాడైన ఇంజిన్‌కి, ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేకపోతే చాలా పాలసీలు డబ్బివ్వవు. మునిగిన బండిని ముట్టుకోకుండా, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, లాగించుకుని షోరూమ్‌కి పంపాలి. ఆ పరిస్థితిలో మీ మేస్త్రీ ఎంత మంచివాడైనా అతని దగ్గరికి వద్దు.

ఇక నాన్నగారి బండి. 2015 డీజిల్ అంటే బీఎస్6 కాలుష్య నిబంధనలకి ముందుది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) గొడవ ఉండదు. (2020 తర్వాతి డీజిల్ అయితే వేరే సంగతి. ఊళ్లోనే తిప్పితే డీపీఎఫ్ మూసుకుపోతుంది, దాన్ని పీకేస్తామనే గ్యారేజీలు ఉన్నాయి, ఆ పని చట్టవిరుద్ధం.) వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఆ మోడల్‌లో తెలియని రహస్యం ఏ మెకానిక్‌కీ మిగల్లేదు. పైగా పాత మోడల్ వస్తే షోరూమ్‌లో కొత్త కుర్రాళ్లకే అది కొత్త. గుంటూరు ఆటోనగర్‌లో డీజిల్ బాగా తెలిసిన గ్యారేజీ చూసి మార్చేయండి. నాన్నగారు "కంపెనీలో చేయిస్తేనే నమ్మకం" అంటారు, ఆ తరం వాళ్లందరూ అంతే. మొదటిసారి మీరే వెంట వెళ్లి, పాత పార్టులు ఆయన చేతిలో పెట్టించండి. తర్వాత ఆయనే వెళ్తారు.

ఆ బండి ఏడాదికి మూడు, నాలుగు వేల కిలోమీటర్లే తిరుగుతోందని రాశారు కాబట్టి కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి కాలం లెక్క చూడండి. తిరగకపోయినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా మార్చారో లేదో పాత బిల్లుల్లో వెతకండి. ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉందా, చైన్ ఉందా అన్నది మాన్యువల్‌లో చూడండి. కొన్ని డీజిల్ ఇంజిన్లలో బెల్టు ఉంటుంది, అది కిలోమీటర్లతో పాటు ఏళ్లతో కూడా ముసలిదవుతుంది, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. ఇంతవరకు మార్చకపోతే మిగతా అన్నిటికంటే ముందు అదే చేయించండి. మిర్చి యార్డు వైపు రోజూ వెళ్లొస్తారంటున్నారు కదా, ఏసీ ఫిల్టర్ ఏడాది దాకా ఆగొద్దు, ఆర్నెల్లకే తీసి చూడమనండి. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాడి బాగానే కనిపిస్తున్నా ఆ సంవత్సరం ఆరేళ్ల కిందటిదైతే, వాటితో కాజా టోల్‌గేట్ దాటి హైవే మీద నూరు వేగంతో వెళ్లనివ్వకండి. ఈసారి గుంటూరు వెళ్లినప్పుడు ముందు ఆ అంకెలు చూసి నాకు రాయండి. బండి మోడల్ కూడా చెబితే బెల్టో చైనో నేనే చెబుతాను.